చేలగట్టు మీది నేల ఉసిరి



తొలకరి పడి, పత్తి మొలిచి, రెండు మూడు ఆకులు వేసేసరికి గట్ల మీదా సాళ్ల మధ్యా జానెడెత్తు మొక్క ఒకటి తనంతట తానే లేస్తుంది. సన్నటి రెమ్మలు, రెమ్మకు రెండు వైపులా చిన్నచిన్న ఆకులు. రెమ్మను తిరగేసి చూస్తే ఆకుల అడుగున గుండ్రటి బుల్లి కాయలు వరసగా వేలాడుతుంటాయి. గుంటక తోలే రైతుకు అది కలుపు. కామెర్లకు పసరు పోసేవారికి అది మందు. మీరు పోల్చుకునే ఉంటారు, అదే నేల ఉసిరి. గుంటూరు నల్లరేగళ్లలోనూ ఒంగోలు వైపు మిరప చేలల్లోనూ ఎవరూ విత్తకుండానే వస్తుంది, ఎంత పీకినా మళ్లీ వస్తుంది.

ఈ మొక్కలో ఏముంది, అది మన ఒంట్లో ఏం చేస్తుంది? ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టేనని మనలో చాలామంది అనుకుంటాం. ఆ నమ్మకం వల్ల ప్రాణాలు పోతున్నాయి కాబట్టి ఈ రోజు ఆ తేడా గురించే మాట్లాడతాను. నేల ఉసిరితోపాటు మన మిరప, పత్తి, గోంగూర కూడా ఈ ప్రసంగంలోకి వస్తాయి.

మొదటి ప్రశ్నకు జవాబు వెతికినవారిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్తలున్నారు. ఇది మనకు తెలియాల్సినంతగా తెలియని చరిత్ర. 1934లో తిరువెంకట రాజేంద్ర శేషాద్రి గారు వాల్తేరు వచ్చి రసాయన శాస్త్ర శాఖ బాధ్యత తీసుకున్నారు. ఆయన కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చారు. వాల్తేరులో చేతికందే వస్తువులతోనే పని మొదలుపెట్టారు. పూలు, ఆకులు, గింజలు, బెరళ్లు తెప్పించి వాటిలోని రంగు పదార్థాలను వేరుచేసి, ఏ అణువు ఎలా అమరిందో తేల్చేవారు. తోటి పరిశోధకుడు నీలకంఠం గారితో కలిసి 1930లలో ఆయన శోధించిన వాటిలో పత్తి పూలు ముఖ్యమైనవి. ఈనాటి పత్తి పువ్వు విచ్చిన రోజు లేత పసుపులో ఉండి, మర్నాటికి గులాబి రంగుకు తిరగడం మీరంతా చూసిందే. ఆ పసుపులో గాసిపిట్రిన్, క్వెర్సిమెరిట్రిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. ఏ రకం పత్తిలో ఏది ఉందో వాళ్లు వరసగా వ్యాసాలు రాశారు. 1940ల మొదట్లో గోగు పూలనూ ఎర్ర గోంగూర పూలనూ పట్టుకున్నారు. హిబిసిట్రిన్ అనే పదార్థం ఆ పనిలోనే బయటపడింది. మన పప్పులోకి, పచ్చట్లోకి వచ్చే మొక్క అణువుల నిర్మాణాన్ని మన విశ్వవిద్యాలయంలోనే తేల్చారంటే నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. వాల్తేరు ఆవరణ సైన్యం చేతికి వెళ్లింది. విశ్వవిద్యాలయం కొన్నేళ్లపాటు గుంటూరుకు తరలివచ్చింది. ఆ తరలింపుల కాలం ముగుస్తుండగా, 1946లో, జి.వి. కృష్ణమూర్తి, శేషాద్రి గార్లు నేల ఉసిరిలోని చేదు పదార్థం మీద భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ పదార్థం పేరు ఫిలాంథిన్. 1861లోనే ఒట్టో అనే ఆయన దానికి ఆ పేరు పెట్టినా దాని నిర్మాణం అంతుపట్టలేదు. ఆ ముడి విప్పింది కూడా వాల్తేరువారే. 1964లో ఎల్. రామచంద్రరావు గారి బృందం ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ రెండూ లిగ్నాన్లు అనే జాతికి చెందినవని తేల్చి, 1966లో ఫిలాంథిన్ నిర్మాణాన్ని పూర్తిగా వివరించింది. అంటే మొదటి ప్రశ్నకు జవాబు వచ్చి అరవై ఏళ్లు దాటింది.

ఇక్కడ సారం తీయడం గురించి కొంచెం చెప్పాలి. ఇంట్లో మనం మొక్క నుంచి మందు తీసే పద్ధతులు మూడు నాలుగున్నాయి. పచ్చి ఆకు నూరి పిండితే పసరు. నీళ్లలో వేసి మరిగిస్తే కషాయం. ఎండబెట్టి దంచితే చూర్ణం. ప్రయోగశాలలో ఎండిన ఆకుపొడిని హెక్సేన్‌లోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడకట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలిన ముద్దను తీసుకుంటారు. మొక్క ఒకటే అయినా ఈ నాలుగు గిన్నెల్లోనూ ఒకటే ఉండదు. ఫిలాంథిన్ నూనెలాంటి ద్రావకాల్లోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది కానీ నీళ్లలో దాదాపు కరగదు. అదే మొక్కలోని జెరానీన్, కొరిలాజిన్ అనే టానిన్లు నీళ్లలో బాగా కరుగుతాయి. కాబట్టి కషాయం తాగినవారికి టానిన్లు ఎక్కువగా, ఫిలాంథిన్ అతి తక్కువగా అందుతాయి. ప్రయోగశాల సారంలో లెక్క తిరగబడవచ్చు. నేల ఉసిరి మీద ఫలానా పరిశోధన ఫలానా మేలు చేసిందని చెప్పిందని ఎవరైనా అన్నప్పుడు, ఏ గిన్నెలోని నేల ఉసిరి అని మనం అడగాలి.

రెండో ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. 1985లో లక్నో, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి ఒక ఫలితం వెల్లడించారు. ఎలుక కాలేయ కణాలను గాజు పాత్రలో పెంచి, వాటిని చంపే రసాయనాలు వేసి, పక్కనే ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ వేస్తే కణాలు చాలావరకు తట్టుకున్నాయి. 1987లో ఫిలడెల్ఫియాలో బరూక్ బ్లూంబర్గ్ బృందం నేల ఉసిరి సారం హెపటైటిస్ బి వైరస్ పనిని అడ్డుకుంటోందని రాసింది. బ్లూంబర్గ్ మామూలు మనిషి కాదు. హెపటైటిస్ బి వైరస్ ఉపరితల యాంటిజెన్‌ను కనిపెట్టి, 1976లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. అంతటి శాస్త్రవేత్త మన గట్టు మీది మొక్క వైపు చూశాడు.

మరుసటి ఏడు మద్రాసులో త్యాగరాజన్ గారి బృందం మనుషుల మీద పరీక్ష చేసి, బ్లూంబర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. హెపటైటిస్ బి ఒంట్లో స్థిరపడిపోయినవారికి నెలరోజులు నేల ఉసిరి పొడి ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి, అంటే నూటికి 59 మందికి, రక్తంలో ఆ యాంటిజెన్ కనపడకుండా పోయింది. ఉత్తి మాత్రలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లోకమంతా ఉలిక్కిపడింది. మన దేశంలో ఆ వార్త చదివిన ప్రతి ఒక్కరికీ సంతోషం కలిగి ఉంటుంది.

తర్వాత ఏం జరిగిందో మాత్రం అంతగా ప్రచారం కాలేదు. 1990లో థాయిలాండ్‌లో అదే మొక్కతో, అదే వ్యవధిలో పరీక్షించారు. ఫలితం రాలేదు. 1994లో న్యూజీలాండ్‌లో పరీక్షించారు. రాలేదు. అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట పెట్టి 2011లో కాక్రేన్ సమీక్షకులు పరిశీలించి, ఉత్తి మాత్రలతో పోలిస్తే హెపటైటిస్ బికి ఈ మొక్క మేలు చేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని రాశారు.

ఇది ఆ మద్రాసు శాస్త్రవేత్తలను చిన్నబుచ్చే విషయం కాదు. ఒకచోట వచ్చిన ఫలితం మరోచోట రావాలి, అప్పుడే అది నిలుస్తుంది. రాకపోవడానికి కారణాల్లో ఒకటి మన చేలల్లోనే కనిపిస్తుంది. మనం నేల ఉసిరి అనేది ఒక్క మొక్క కాదు. పాత పుస్తకాల్లో ఫిలాంథస్ నిరూరి అని రాసిన భారతీయ మొక్కల్లో నిజానికి అమరస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అనే మూడు జాతులు కలిసి ఉన్నాయి. అసలు నిరూరి అమెరికా ఖండపు మొక్క. అమరస్‌లో ఫిలాంథిన్ ఎక్కువ, తక్కినవాటిలో చాలా తక్కువ. దూరం నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. భూతద్దం పెట్టి పువ్వు చూస్తే అమరస్‌కు అయిదు రేకులు, ఫ్రాటెర్నస్‌కు ఆరు. పసరు కోసం తెల్లవారుజామున చీకట్లో పిడికెడు మొక్కలు పెరికి తెచ్చినప్పుడు ఏవి ఎన్ని వచ్చాయో ఎవరికి తెలుసు? నిరుడు బాగా పనిచేసిందన్న మొక్క, ఈ ఏడు తెచ్చిన మొక్క ఒకటేనని ఎవరు చెప్పగలరు?

అయినా పసరుతో కామెర్లు తగ్గాయని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కామెర్లు అనేది ఒక రోగం కాదు. కాలేయం మీద దెబ్బ తగిలినప్పుడో పైత్యరసం దారి మూసుకుపోయినప్పుడో రక్తంలో బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడడం. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పథ్యం చేసి, విశ్రాంతి తీసుకుని, పసరు తాగినవాడికీ తగ్గుతుంది, తాగనివాడికీ తగ్గుతుంది. పేరు పసరుకు వస్తుంది. అదే పచ్చదనం పిత్తాశయం రాయి నాళానికి అడ్డుపడడం వల్ల వస్తే ఏ ఆకూ ఆ రాయిని కదపలేదు. వరి చేలల్లో ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ వల్ల వస్తే వెంటనే యాంటిబయాటిక్ పడాలి. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే నూటికి ఇరవై మందికి పైగా చనిపోయే ప్రమాదం ఉంది. ఆమెకు మూడు ఆదివారాల పసరు అని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టడం నాకు ఎప్పుడు విన్నా కడుపు తరుక్కుపోయే సంగతి. కళ్లు పచ్చబడ్డ రోజే రక్తపరీక్ష చేయించండి. ఆ తర్వాత ఏ నమ్మకంతో ఏం తాగుతారో వైద్యుడికి చెప్పి తాగండి. దాచవద్దు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన మరో ప్రమాదం ఉంది. పత్తికీ మిరపకీ మనం కొట్టినన్ని పురుగు మందులు మరే పంటకూ కొట్టం. ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్, ఇంకా కలుపు మందులు. సాళ్ల మధ్య ఉన్న నేల ఉసిరి మీదా అవి పడతాయి. వీటిలో కొన్ని ఆకు మీద ఉండిపోయేవి కావు, వేరు గుండా లోపలికి ఎక్కి మొక్కంతా పాకేవి. వాటిని ఎన్ని నీళ్లతో కడిగినా పోవు. అలాంటి మొక్కలు గుప్పెడు నూరి, పిండి, అప్పటికే దెబ్బతిన్న కాలేయం ఉన్న మనిషికి పరగడుపున పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆ విషాన్ని విడగొట్టాల్సింది కూడా ఆ కాలేయమే. మన అమ్మమ్మల కాలంలో గట్టు మీద మొక్క తెచ్చుకోవడం వేరు, ఇప్పుడు తెచ్చుకోవడం వేరు. నేల ఉసిరి కావాలనుకుంటే మందు పడని పెరట్లో, కుండీలో పెంచుకోండి.

మొక్క నుంచి మందు దాకా సాగాల్సిన నేల ఉసిరి ప్రయాణం సగంలో ఆగింది. మరి చివరిదాకా వెళ్లిన మొక్క ఏదైనా ఉందా? ఉంది, గుంటూరు యార్డులో టిక్కీలకు టిక్కీలుగా ఉంది.

మిరపకాయ మంటకు కారణం క్యాప్సైసిన్. 1876లో థ్రెష్ అనే ఆయన దాన్ని స్ఫటికాలుగా తీసి ఆ పేరు పెట్టాడు. కారమంతా గింజల్లో ఉంటుందని అనుకుంటాం కానీ, కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలోనే క్యాప్సైసిన్ తయారవుతుంది. గింజలకు అది అంటుతుంది, అంతే. గుంటూరు సన్నంలో ఇది పావు శాతానికి కొంచెం తక్కువ. తేజ రకంలో ఇంకా ఎక్కువ, అందుకే సారం తీసే కర్మాగారాలు తేజను ఎగబడి కొంటాయి. క్యాప్సైసిన్ కూడా నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం నషాళానికి అంటినప్పుడు చెంబుడు నీళ్లు తాగినా తగ్గనిది రెండు ముద్దలు పెరుగన్నానికి తగ్గేది అందుకే.

1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం ఈ మంట రహస్యాన్ని బయటపెట్టింది. నొప్పిని మోసే నరాల కొసల్లో ఒక ప్రోటీను ద్వారం ఉంది. దాని పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. కాబట్టి మెదడుకు రెండూ ఒకే కబురుగా అందుతాయి, కాలుతోందని. 2021లో జూలియస్‌కు నోబెల్ వచ్చింది. మిరప కల్లాల్లో తొడిమలు తీసే అక్కచెల్లెళ్ల దగ్గు, ముక్కులో మంట, రాత్రి చంటిబిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఏడవడం, వీటన్నిటికీ మూలం ఆ ద్వారమే. వాళ్లకు మూతికి గుడ్డ, చేతికి తొడుగు, పని దిగగానే నూనె రాసి ఆపైన సబ్బుతో కడుక్కోవడం, ఇవి కూలితోపాటు దక్కాల్సిన హక్కులని నా అభిప్రాయం.

అదే పదార్థం నొప్పిని చంపే మందు కూడా అయింది. క్యాప్సైసిన్ ఒకేచోట గట్టిగా, ఎక్కువసేపు తగిలితే ఆ నరాల కొసలు కొంతకాలం పనిమానేస్తాయి. కీళ్లనొప్పులకు 0.025 శాతం, 0.075 శాతం లేపనాలున్నాయి. సర్పి తగ్గిన తర్వాత నెలల తరబడి వేధించే నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని 2009లో అమెరికాలో అనుమతించారు. 2020లో చక్కెర జబ్బువారి పాదాల మంటకూ అనుమతించారు. ఎనిమిది శాతం అంటే గుంటూరు సన్నానికి ముప్పై రెట్లకు పైన. ఆసుపత్రిలో, గడియారం చూసుకుంటూ, నొప్పి తెలియకుండా ముందు లేపనం రాసి వేస్తారు. ఇంట్లో కారం నూరి మోకాలికి పట్టు వేస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. ఒకే అణువు కూరలో రుచి, కల్లంలో బాధ, పట్టీలో మందు. ఎంత, ఎక్కడ, ఎంతసేపు అన్నవే దాని గుణాన్ని నిర్ణయిస్తున్నాయి. ఆ లెక్క తేల్చడానికి థ్రెష్ నాటి నుంచి నూట ముప్పై ఏళ్లు పట్టింది.

దారి మధ్యలో మూసేయాల్సి వచ్చిన మొక్క కూడా మనదే. పత్తి. పత్తిగింజలో, ఆకులో చిన్నచిన్న నల్లటి గ్రంథులుంటాయి. వాటిలో గాసిపాల్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంది, పురుగుల నుంచి మొక్క తనను తాను కాపాడుకోవడానికి. చైనాలో ముడి పత్తిగింజల నూనె వాడిన కొన్ని పల్లెల్లో పిల్లలు పుట్టడం ఆగిపోయిందని 1950లలో గమనించారు. దాని వెంట వెళితే కారణం గాసిపాల్ అని తేలింది. మగవారికి కుటుంబ నియంత్రణ మాత్ర దొరికిందనుకుని 1970లలో వేలమందికి ఇచ్చి చూశారు. వీర్యకణాలు దాదాపు అందరిలోనూ తగ్గాయి. అయితే కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లు చేతులు చచ్చుబడ్డాయి. పదిమందిలో ఒకరికి పైగా, మాత్రలు మానేసినా సంతానశక్తి తిరిగి రాలేదు. చివరికి 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పరిశోధన ఆపమంది. అది పనిచేసే మొక్క మందే, అయినా మనిషికి పనికిరాకుండా పోయింది. శుద్ధి చేసిన పత్తిగింజల నూనెలో క్షారంతో కడగడం వల్ల గాసిపాల్ పోతుంది, భయం లేదు. ముడి నూనె మాత్రం వంటకు వాడకూడదు. పాడిగేదెలు పత్తిగింజలు తిని తట్టుకుంటాయి, నెమరువేసే జీవాల పొట్టలో గాసిపాల్ ప్రోటీన్లకు అతుక్కుపోతుంది కాబట్టి. కోళ్లకు ఆ వీలు లేదు.

గోంగూర సంగతి చెప్పకుండా గుంటూరు శ్రోతల దగ్గర సెలవు తీసుకోలేను. ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్రటి కండగల రేకులను ఎండబెట్టి కాచిన తేనీరును 2010లో అమెరికాలో 65 మంది మీద పరీక్షించారు. రోజుకు మూడు కప్పులు, ఆరు వారాలు. పై రక్తపోటు సగటున 7 పాయింట్లు తగ్గింది. వేరే పానీయం తాగినవారికి ఒకటి తగ్గింది. మేలు చిన్నదే గానీ నిజమైనదే. దీన్ని పట్టుకుని గోంగూర పచ్చడి రక్తపోటుకు మంచిదని చెప్పుకోవడం మొదలైంది. పరీక్షించింది ఆకు కాదు, రేకులు. తాగింది ఉప్పు లేని నీళ్లు. మన పచ్చట్లో పట్టే ఉప్పు రక్తపోటును పెంచేది. గోంగూరలో ఆక్సలేట్లు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్లున్నవారు తగ్గించుకోవాలి. తక్కినవారు రుచి కోసం తినండి, అది చాలు.

మళ్లీ కాలేయం దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ చేయదగ్గ పని ఒకటి మన చేతిలోనే ఉంది. హెపటైటిస్ బి ఒంట్లో ఉన్నవారిలో చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. కళ్లు పచ్చబడవు. లోలోపల కాలేయం గట్టిపడి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. హెచ్‌బీఎస్ఏజీ అనే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ఉందని తేలి, మందు అవసరమైతే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్‌ను అణచి ఉంచుతాయి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటిని ఉచితంగా ఇస్తారు. గర్భిణులకు ఈ పరీక్ష తప్పక చేయించాలి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగిలిన మోతాదులు. ఈ టీకా మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు కట్టకుండా దొరుకుతుంది. ఇంట్లో ఎవరికైనా కాన్పు దగ్గరపడుతుంటే ఆశా కార్యకర్తను ఈ రోజే అడిగి, తొలిరోజు టీకా సంగతి రాయించుకోండి.